సమస్య: వ్రేలు తెగిన వేళ నేల బ్రతికె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. విషయం ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చివరి సినిమా ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’ (2003). నామినేషన్ వచ్చిన 11 విభాగాల్లోనూ ఆస్కార్ గెలిచిన సినిమా ఇది. దుష్టుడు సౌరన్ శక్తి నిండిన ఉంగరాన్ని నిప్పుకొండలో వేసి నాశనం చేయడానికి బయల్దేరిన ఫ్రోడో, అతని తోటమాలి మిత్రుడు శామ్, ఆ ఉంగరం కోసం వెంటపడే గొల్లం కథ ఇది. అంత పెద్ద యుద్ధాలు చూపించినా కథ తేలేది ఒక్క వేలి దగ్గరే. పాదంలో ప్రాసయతి ఉంది, అంటే యతి అక్షరాలకు బదులు వాటి తర్వాతి అక్షరాలు కలుస్తాయి (వ్రేలు–నేల). ఏకలవ్యుడి జోలికి మాత్రం వెళ్లకండి, ఆయన వేలు తెగితే బతికిన నేల లేదు.

రాజమండ్రి సభ్యులు:

నిప్పుకొండ చెంత నిలిచి ఫ్రోడొ మనసు
ఉంగరమ్ము వీడ నొల్లననెను
గొల్లమెగిరి కొరికి కూలె నగ్నిని బడి
వ్రేలు తెగిన వేళ నేల బ్రతికె

నిర్వాహకుడు: నడక బాగుంది. ‘మనసు ఉంగరమ్ము’ విసంధి అండీ, సంధి జరగాల్సిన చోట జరగలేదు. ‘ఫ్రోడొ యెడద / యుంగరమ్ము’ అంటే గణాలు చెడవు, దోషం పోతుంది. ఇంకో మాట. గొల్లం తనంతట తాను జారిపడేది టోల్కీన్ నవలలో. పీటర్ జాక్సన్ సినిమాలో వేలు పోయాక కూడా ఫ్రోడో ఉంగరం కోసం మళ్లీ కలబడతాడు, ఇద్దరూ అంచు దాటిపోతారు, శామ్ ఫ్రోడోను పైకి లాగుతాడు. నాకైతే ఆ కలబడటమే గుండె పిండేస్తుంది.

హైదరాబాద్ సభ్యులు:

విరిగినట్టి కత్తి విసరె నిసిల్దూరు
సౌరనుంగరమ్ము జారిపడియె
మూడువేల యేండ్లు ముప్పు తొలగిపోయె
వ్రేలు తెగిన వేళ నేల బ్రతికె

నిర్వాహకుడు: సౌరన్ వేలు గుర్తుకు రావడం భేష్! ఛందస్సులో వంక లేదు. కానీ ఇది 2001 నాటి మొదటి సినిమా ఘట్టం. పైగా సౌరన్ వేలు నరికిన ఇసిల్దూర్ ఉంగరాన్ని నిప్పులో వేయకుండా తనే ఉంచుకున్నాడు కాబట్టి నేలకు దొరికింది గడువు మాత్రమే.

డాలస్ సభ్యురాలు:

చంపదగిన వాని జాలితో విడిచిన
ఫలము పండె నేడు పాపి నోట
కత్తి కాదు కరుణ కాచెను జగమెల్ల
వ్రేలు తెగిన వేళ నేల బ్రతికె

నిర్వాహకుడు: అమ్మా, అసలు కారణం పట్టుకున్నారు! ఫ్రోడో కన్నా ముందు ఉంగరం దగ్గరున్న బిల్బో గొల్లాన్ని చంపకుండా వదిలేశాడు, ఫ్రోడో కూడా జాలిపడ్డాడు. వాళ్లలో ఎవరు చంపేసినా చివర్లో ఆ ఉంగరాన్ని లాక్కునేవాడే ఉండడు. ‘పాపి నోట’ పండిన ఫలం అద్భుతం. ‘జగమెల్ల’, ‘నేల’ పునరుక్తి. ‘కరుణ కాచిన కతమున’ అంటే నాలుగో పాదానికి నేరుగా అతుకుతుంది.

రాజమండ్రి సభ్యులు: సవరణలకు నమస్కారం. శామ్ మీద ఎవరూ రాయలేదని మళ్లీ ప్రయత్నించాను.

మిత్రు నెత్తి వీపు మీదను గొనిపోయి
శాము నిప్పుకొండ చరియ కేగె
తోటమాలి చలువ తుదకు గలిసివచ్చె
వ్రేలు తెగిన వేళ నేల బ్రతికె

నిర్వాహకుడు: మొదటి దానికన్నా ఇదే నాకు నచ్చింది. ‘కలిసివచ్చె’ అంటే అదృష్టం అనిపిస్తుంది, శామ్‌ది ఒళ్లు హూనమైన కష్టం. ‘తోటమాలి చెమట తుదకు ఫలితమిచ్చె’ అంటే ఎలా ఉంటుందో చూడండి.

రాజమండ్రి సభ్యులు: ‘చెమట’ ఖాయం చేసేశానండీ.