అప్‌డేట్: స్లాబు లీకేజీ ఆగింది, నీళ్లు దిగింది పైపు మూతి దగ్గర

పాతికేళ్ల నాటి డాబా, వాన పడితే బెడ్‌రూమ్ సీలింగ్ మధ్యలో నీళ్లు కారుతున్నాయి, స్లాబు మొత్తం తీసేయాలా అని జూన్‌లో అడిగాను. తీసేయక్కర్లేదు. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది నీళ్లు నిలబెట్టి చూడమన్న సలహా. మేస్త్రీ డాబాను సిమెంటు గట్లతో భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక రోజంతా నీళ్లు నిలబెట్టాడు. వాన నీళ్లు దిగే పైపు ఉన్న మూలలో మాత్రమే కింద చెమ్మ వచ్చింది. పైపు చుట్టూ సందు, పిట్టగోడ మొదట్లో పగులు. అక్కడ దిగిన నీళ్లు పై సిమెంటు పూత కిందుగా పాకి ఎక్కడో గది మధ్యలో తేలేవి. అందుకే మరక చూసి చోటు పట్టలేకపోయాం.

ఆ మూల పూత చెక్కించి, సందులో కుంచించుకుపోని గ్రౌట్ (సందులు నింపే సిమెంటు మిశ్రమం) నింపి, పిట్టగోడ మొదట్లో గుండ్రంగా సిమెంటు కట్టారు. వాలు పైపు వైపుకి సరిచేసి, కొత్త సిమెంటును బాగా తడిపి, పూర్తిగా ఆరాకే ఫైబర్ మెష్ (వల లాంటి గుడ్డ) పెట్టి రెండు కోట్లు వాటర్‌ప్రూఫింగ్ వేశారు. ఆరకముందే వేస్తే పొంగి ఊడుతుందట.

కొందరు అనుమానించిన వాటర్ ట్యాంకుకీ దీనికీ సంబంధం లేదు. డాబాపైన వేయమన్న రేకుల షెడ్డూ అవసరం పడలేదు, నాకైతే అది లీకేజీని దాచడమే అనిపిస్తుంది. సీలింగ్‌ని సుత్తితో తట్టి చూస్తే ఎక్కడా డొల్ల శబ్దం రాలేదు, ఇనుము తుప్పు బయటపడలేదు. అలా ఉంటే మాత్రం ఇంజనీరుకి చూపించండి.

అక్టోబరు వానలకి చుక్క కారలేదు. లోపల పెయింటు ఇంకా వేయించలేదు, సీలింగ్ ఆరుతోంది.