ఈమాక్స్‌లో ప్యాకేజీలకు ఏది పెట్టుకోవాలి: దాంతోపాటే వచ్చేదా, స్ట్రెయిటా?

కోరమంగళ_కొత్తోడు: బెంగళూరులో మా టీమ్‌లో నలుగురం కోడ్ రాయడానికి ఈమాక్స్ 29 ఎడిటర్ వాడతాం. వచ్చే వారం కొత్త ల్యాప్‌టాప్‌లు ఇస్తున్నారు. అన్నీ ఎలాగూ మళ్ళీ ఎక్కించుకోవాలి కదా, నలుగురికీ ఒకటే సెటప్ అనుకుంటున్నాం. ప్యాకేజీలు, అంటే అదనపు ఫీచర్లు, ఎక్కించడానికి ఈమాక్స్‌తోనే వచ్చే ప్యాకేజ్ డాట్ ఈఎల్ చాలా, విడిగా పెట్టుకునే స్ట్రెయిట్‌కి పోవాలా?

మారతహళ్ళి_బ్రిడ్జ్: స్ట్రెయిట్, ఆలోచించే పనే లేదు. ప్యాకేజీలు దొరికే మెల్పా ఆర్కైవ్‌లో ఏ ప్యాకేజీదైనా తాజా బిల్డ్ ఒక్కటే ఉంటుంది, మొన్నటిది కావాలంటే అక్కడ దొరకదు. స్ట్రెయిట్ అయితే గిట్ (కోడ్‌లో ప్రతి మార్పునీ దాచే టూల్) నుంచి క్లోన్ చేసుకుంటుంది, ఫ్రీజ్ కమాండ్ కొడితే ఏది ఏ కమిట్ (దాచిన మార్పు) దగ్గరుందో ఒక ఫైల్లో రాసి పెడుతుంది. ఆ ఫైల్ మీ రెపోలో (టీమ్ ఫైళ్ళు ఉండే గిట్ ఫోల్డర్‌లో) ఉంటే నలుగురికీ అవే వెర్షన్లు. ప్యాకేజ్ డాట్ ఈఎల్‌తో నాకు రిలీజ్ రోజు సాయంత్రం ఇబ్బంది అయింది. అప్‌డేట్ కొట్టాను, మ్యాగిట్ (ఈమాక్స్‌లోంచి గిట్ వాడే ప్యాకేజీ) తను ఆధారపడే ట్రాన్సియెంట్ ప్యాకేజీ కొత్తది కావాలంది, ఈమాక్స్ 29లో ఉన్నదేమో పాతది, ప్యాకేజ్ డాట్ ఈఎల్ దాన్ని ముట్టుకోనంది. మేనేజర్ పక్కనే నిలబడి చూస్తున్నాడు.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్: దానికి 29లోనే సెట్టింగ్ ఉంది అన్నా. ప్యాకేజ్-ఇన్‌స్టాల్-అప్‌గ్రేడ్-బిల్టిన్, దాన్ని టీ (అంటే ఆన్) అని పెడితే అయిపోతుంది. ఒక్క లైన్ కోసం మొత్తం ప్యాకేజీ మేనేజర్‌నే మార్చేస్తారా?

మారతహళ్ళి_బ్రిడ్జ్: ఆ ఒక్క లైన్ ముందే ఎందుకు పెట్టి ఇవ్వలేదు? అది చెప్పండి ముందు.

లిస్ప్_లేత: ఎల్పాకా అని ఇంకో ప్యాకేజీ మేనేజర్ ఉంది, అదీ చూడండి, ప్యాకేజీలన్నీ ఒకేసారి సమాంతరంగా దింపుతుంది.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్: డిఫాల్ట్ సంగతి తర్వాత. మా క్లయింట్ నెట్‌వర్క్‌లో గిట్ రెపోలు ఉండే గిట్‌హబ్ సైట్ బ్లాక్. స్ట్రెయిట్ మొట్టమొదటి అడుగే అక్కడి నుంచి ఫైల్ తెచ్చుకోవడం, కొత్తగా చేరిన అమ్మాయి పొద్దుటి నుంచి ఆ ఎర్రర్ చూస్తూ కూర్చుంది. ప్యాకేజ్ డాట్ ఈఎల్‌కి మామూలు ఫోల్డర్‌ని ఆర్కైవ్‌గా చూపించినా చాలు. వెర్షన్లు కదలకూడదంటే ప్యాకేజీలు దిగే ఎల్పా ఫోల్డర్‌నే గిట్‌లో పెట్టేయండి.

మారతహళ్ళి_బ్రిడ్జ్: పెట్టండి, కంపైల్ అయిన ఎల్సీ ఫైళ్ళతో సహా పెట్టండి. ఒకడు ఈమాక్స్ 30కి వెళ్ళి అక్కడ కంపైల్ చేస్తే, అవి 29లో నడుస్తాయన్న గ్యారంటీ లేదు. అయినా నా ప్రశ్నకి జవాబు రాలేదు, డిఫాల్ట్ ఎందుకు అలా ఉంది?

సిల్క్‌బోర్డ్_సిగ్నల్: ఎల్సీని గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ళ జాబితాలో) వేయండి, ఎవరి మెషీన్‌లో వాళ్ళు కంపైల్ చేసుకుంటారు! ఎన్నిసార్లు చెప్పినా డిఫాల్ట్, డిఫాల్ట్. మీలాంటి లీడే మాకూ ఉండేవాడు. తన కాన్ఫిగ్ మా అందరి నెత్తిన రుద్దాడు, అందులో ఏ లైన్ ఎందుకుందో చెప్పేవాడు కాదు, ఏది ఆగినా ఆయన డెస్క్ దగ్గరికి వెళ్ళి నిలబడాలి. నా ఎడిటర్‌లో నేను ఒక్క కీ మార్చుకుంటే రివ్యూలో అడిగేవాడు.

హెబ్బాళ_ఫ్లైఓవర్: కాస్త నెమ్మది ఇద్దరూ.

మారతహళ్ళి_బ్రిడ్జ్: మీ లీడ్ కోపం నా మీద చూపించకండి. ఎవరికి వాళ్ళు ఒక్కో సెటప్ పెట్టుకున్న టీమ్‌లో పనిచేశాను నేను. ఎవరిది ఆగినా నన్నే పిలిచేవాళ్ళు, రాత్రి తొమ్మిదింటికి రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లో కూర్చుని వేరేవాళ్ళ ఇనిట్ ఫైల్ (ఈమాక్స్ సెట్టింగుల ఫైల్) ఫోన్లో చదివాను. అందుకే అంటున్నాను, అందరిదీ ఒకటే ఉండాలని.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్: అదే మాట మొదట్లోనే చెప్పాల్సింది. అయితే మనం పోట్లాడుతున్నది స్ట్రెయిట్ గురించి కాదు. ఎడిటర్ టీమ్‌ది అంటారు మీరు, నాది అంటాను నేను.

మారతహళ్ళి_బ్రిడ్జ్: అవును, టీమ్‌దే. ఆగినప్పుడు బాగుచేసేది టీమ్ అయితే టీమ్‌దే.

కోరమంగళ_కొత్తోడు: మాలో లిస్ప్, అంటే ఈమాక్స్ సెట్టింగులు రాసే భాష, కాస్తో కూస్తో వచ్చింది నాకొక్కడికే, అంటే ఆ ఫోన్లు నాకే వస్తాయి. మా నెట్‌వర్క్‌లో గిట్‌హబ్ తెరుచుకుంటుంది. వెర్షన్ల ఫైల్ మాత్రం రెపోలో అందరికీ ఉమ్మడిగా పెడతాను, కీలు, థీమ్‌లు ఎవరివి వాళ్ళ ఫైల్లో.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్: ఆ ఉమ్మడి ఫైల్ మార్చే హక్కు మిగతా ముగ్గురికీ ఉంటుందా?