అప్‌డేట్: చెవి తమ్మె మీద గట్టి గడ్డ, కెలాయిడ్ అని తేలింది

చెవి కుట్టించుకున్న చోట తమ్మె వెనక గట్టి గడ్డ పెరుగుతోంది, ఏం చేయాలని అడిగాను కదా. కొందరు ఇంజెక్షన్ చేయించుకోమన్నారు, కొందరు కమ్మల లోహం మార్చమని, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాయమని అన్నారు. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. స్కిన్ డాక్టర్ చూసి కెలాయిడ్ అన్నారు, అంటే గాయం మానాక మచ్చ అతిగా పెరిగి గడ్డ కట్టడం. కుట్టిన రంధ్రం దాటి చుట్టూ పాకింది కాబట్టి మామూలు ఉబ్బిన మచ్చ కాదట. ఒట్టి ఆపరేషన్‌తో వదిలేస్తే చాలామందికి మళ్లీ వస్తుందని, ముందు ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, 4 నుంచి 6 వారాలకోసారి. సూది నేరుగా గడ్డలోకే దిగుతుంది, నొప్పి బాగానే ఉంటుంది. మొదట దురద ఆగింది, తర్వాత గడ్డ మెత్తబడింది, ఇప్పుడు వేలితో తడిమితే గానీ తెలియడం లేదు. ఇంజెక్షన్ గురించి చెప్పినవాళ్ల మాటే నిజమైంది. కమ్మల లోహం మార్చడం, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ నా విషయంలో పనికిరాలేదు, అసలు ఇన్‌ఫెక్షనే లేదు. మళ్లీ పెరగకుండా డాక్టర్ చెప్పిన, తమ్మెను నొక్కి ఉంచే ప్రెషర్ క్లిప్ పెట్టుకుంటున్నాను. ఇక ఎక్కడా కుట్టించుకోవద్దన్నారు.