బుడమేరు వరదలో మునిగిన ఇల్లు: ఈఎంఐ వాయిదా అడగాలా, రిపేర్లకి టాప్-అప్ లోన్ (ఉన్న హోమ్ లోన్ మీదే అదనపు అప్పు) తీసుకోవాలా? (2024 నాటి చర్చ, అప్పటి నిబంధనల ప్రకారం)

సింగ్‌నగర్_వాసి (ప్రశ్న):

అందరికీ నమస్తే. మాది విజయవాడ సింగ్‌నగర్, గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు కిటికీల దాకా వచ్చాయి, వెంటనే తీయలేదు కూడా. ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకి ఇచ్చిన 25 వేలు మాకు పడ్డాయి, కానీ బురద ఎత్తించడానికి, మోటారు బాగుచేయించడానికి, పిల్లల పుస్తకాలకే అయిపోయాయి. ఇప్పుడు ఇంట్లో ప్లాస్టరింగ్ చేత్తో తడితే రాలుతోంది, తలుపులు ఉబ్బి గుమ్మంలో పట్టడం లేదు, స్విచ్ బోర్డులు విప్పితే పైపుల్లో ఇంకా మట్టే. మేస్త్రీ, ఎలక్ట్రీషియన్ లెక్కలు కలిపితే 3 లక్షలు దాటుతోంది.

హోమ్ లోన్ ఇంకా 18 లక్షలు ఉంది, 12 ఏళ్లు కట్టాలి, ఈఎంఐ దాదాపు 20,500. నేను పనిచేసే వర్క్‌షాపు కూడా మునగడంతో జీతం సగమే వస్తోంది. బ్యాంకులో ఈఎంఐ వాయిదా గురించి అడిగితే "పైనుంచి ఆర్డర్స్ రావాలి" అన్నారు. మా బావమరిదేమో నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట ఇప్పిస్తానంటున్నాడు. ఏం చేయాలో తోచడం లేదు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

మున్నేరు_పక్కన:

అన్నా, మాది ఖమ్మం. అదే రోజు మున్నేరు మా ఇంట్లోకీ వచ్చింది, మీ బాధ నాకు తెలుసు. ఒక్క మాట గట్టిగా చెప్తాను, బ్యాంకులో నోటిమాటగా అడిగి ఊరుకోవద్దు. మా ఆయన వెళ్లి అడిగితే మేనేజర్ "చూద్దాంలెండి" అన్నారు, మేం అది నమ్మి అకౌంట్‌లో డబ్బులు ఉంచలేదు. ఈఎంఐ బౌన్స్ అయ్యింది, ఛార్జీలు పడ్డాయి, తర్వాత అడిగితే మీరు దరఖాస్తే ఇవ్వలేదు కదా అన్నారు. కాగితం మీద రాసి, రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. బ్రాంచి మెయిల్‌కి కూడా పంపండి. జవాబు వచ్చేదాకా ఈఎంఐకి డబ్బులు ఉంచుకోండి, ఎంత కష్టమైనా సరే.

రిటైర్డ్_బ్యాంకర్:

తమ్ముడూ, పైనుంచి ఆర్డర్స్ అన్న మాటలో సగం నిజం ఉంది. ప్రకృతి విపత్తులు వచ్చినప్పుడు బ్యాంకులు ఏం చేయాలో ఆర్‌బీఐ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. అందులో పంట రుణాల సంగతి వివరంగా ఉంటుంది, మిగతా రుణాలకి వాయిదా ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ చూస్తుంది, ఆ పైన ఒక్కో ఖాతా చూసి బ్యాంకే తేల్చుకుంటుంది. అంటే హోమ్ లోన్‌కి వాయిదా దానంతట అదే రాదు, మీరు అడగాలి. ఇంకో ముఖ్య విషయం, ఆ నిబంధనల కింద రీస్ట్రక్చర్ చేసిన (అంటే కట్టే షరతులు మార్చిన) ఖాతా స్టాండర్డ్‌గానే, అంటే మొండి బకాయి కింద పడకుండా ఉండాలంటే విపత్తు జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు పని పూర్తవ్వాలి. మీ లెక్కన నవంబర్ నెలాఖరు. "వచ్చే నెల చూద్దాం" అంటే ఒప్పుకోవద్దు.

అయితే వాయిదా అంటే మాఫీ కాదు, కోవిడ్ మారటోరియంలో చాలామంది ఇక్కడే దెబ్బతిన్నారు. మీ 18 లక్షలకి 9 శాతం అనుకుంటే నెల వడ్డీయే 13,500. మూడు నెలలు ఏమీ కట్టకపోతే 40 వేల పైచిలుకు అసలులో కలుస్తుంది. తర్వాత పాత ఈఎంఐనే కట్టుకుంటూ పోతే చివర్లో ఆరు ఈఎంఐలు ఎక్కువ పడతాయి, అంటే 1.2 లక్షల పైమాటే. అందుకని దరఖాస్తులో "కొన్ని నెలలు వడ్డీ మాత్రమే కట్టే అవకాశం ఇవ్వండి" అని అడగండి. అసలు పెరగదు, నెలకి ఏడు వేలు చేతిలో మిగులుతాయి. అది కూడా కట్టలేని పరిస్థితి అయితేనే పూర్తి వాయిదా.

నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలకి నెలకి 6 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. దయచేసి ఆ దారిలోకి వెళ్లొద్దు.

సర్వే_పనిలో:

ఎవరూ ఇన్సూరెన్స్ అడగలేదేంటి? హోమ్ లోన్ ఇచ్చేటప్పుడు చాలా బ్యాంకులు ఇంటికి పాలసీ చేయిస్తాయి, ప్రీమియం లోన్‌లోనే కలిపేస్తారు కాబట్టి జనానికి గుర్తుండదు. మీ దగ్గరున్నది మనిషి ప్రాణానికి చేసిన పాలసీయా, ఇంటికి చేసినదా ముందు చూడండి. భారత్ గృహ రక్ష అనే ఇంటి పాలసీ అయితే వరద నష్టం అందులో ఉంటుంది. బిల్డింగ్‌కి తీసుకుంటే ఇంట్లో సామానుకి కూడా, విడిగా వద్దనుకోకపోతే, ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు కవర్ వస్తుంది.

ఆలస్యం అయిందని ఊరుకోకుండా ఇవాళే కంపెనీకి తెలియజేయండి, ఎందుకు ఆలస్యమైందో రాయండి. నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చేదాకా రాలిన ప్లాస్టరింగ్, ఉబ్బిన తలుపులు పారేయొద్దు. నీళ్లున్నప్పుడు వాట్సాప్‌లో బంధువులకి పంపిన వీడియోలన్నీ తిరిగి తెప్పించుకోండి, వాటిలో తేదీ ఉంటుంది. సచివాలయం వాళ్లు చేసిన నష్టం నమోదు వివరాలు కూడా జతచేయండి. క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకు పేరునే రావచ్చు, రిపేర్లకి విడుదల చేయమని అది కూడా రాతపూర్వకంగా అడగాలి.

సింగ్‌నగర్_వాసి:

అందరికీ చాలా థ్యాంక్స్. లోన్ కాగితాల ఫైలు అటక మీద ఉండటంతో తడవలేదు. చూస్తే నిజంగానే ఇంటి పాలసీ ఉంది, ఇంకా గడువు ఉంది! కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకున్నాను. మరి ఈలోపు టాప్-అప్‌కి పెట్టుకోవచ్చా? పిల్లలు తడి గోడల మధ్య పడుకుంటున్నారు, చిన్నదానికి దగ్గు తగ్గడం లేదు.

రిటైర్డ్_బ్యాంకర్:

మంచి పని చేశావు. మొత్తం 3 లక్షలకీ టాప్-అప్ ఇప్పుడే పెట్టొద్దు. వైరింగ్, ఎర్తింగ్, పిల్లలు పడుకునే గది, ఈ మూడింటికి ఎంతవుతుందో అంతకే అడుగు, అదీ సర్వేయర్ చూసి వెళ్లాక. తడి ఆరకుండా పుట్టీ, పెయింటు వేయిస్తే మళ్లీ పొరలు పొరలుగా లేస్తాయి, కాబట్టి ఆ ఖర్చు ఎలాగూ వేసవి దాకా ఆగాల్సిందే. అప్పటికి క్లెయిమ్ సంగతి తేలితే అప్పు తగ్గించుకోవచ్చు. వాయిదా దరఖాస్తుకి బ్యాంకు జవాబు ఇవ్వకపోతే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు, దానికి 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారి) ఫిర్యాదు చేయవచ్చు, ఆన్‌లైన్‌లోనే, ఫీజు లేదు. దానికి ముద్ర వేయించుకున్న కాపీ కావాలి, ఆ ఖమ్మం అమ్మాయి చెప్పినట్టు చెయ్యి. పాపని మాత్రం ఈ వారమే డాక్టర్‌కి చూపించు.