వారణాసి సినిమాకి టికెట్ రేటు పెంచాలా, వద్దా? మహేష్ ఫ్యాన్స్‌లోనే రెండు వర్గాలు

గుంటూరు కుర్రోడు:
2025 నవంబర్ 15న రామోజీ ఫిల్మ్ సిటీలో త్రిశూలం పట్టి ఎద్దు మీద వచ్చే మహేష్‌ని చూపించినప్పటి నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే లెక్కలు. మొదటి రోజు ఎంత, ఏ రికార్డు లేచిపోతుంది అని. నాకు ఆ టెన్షన్ లేదు. రాజమౌళి సినిమాకి మొదటి వారం హాలు నిండకపోవడం ఏంటి? నా భయమంతా రెండో వారం మీద. బడ్జెట్ భారీగా అయింది కాబట్టి ప్రీమియర్ వెయ్యి, తర్వాత పది రోజులు పెంచిన రేటు అన్నారనుకోండి, మా నాన్న గడప దాటడు. 2003 సంక్రాంతికి ఒక్కడు సినిమా మూడుసార్లు చూపించిన మనిషాయన. ఇప్పుడు పోస్టర్ చూసి "రేట్లు తగ్గాక చెప్పరా" అంటున్నాడు, సినిమా ఇంకా రానే లేదు. అందుకే ఈ సినిమాకి రేటు పెంచకూడదని నా వాదన. తిట్టేవాళ్లు తిట్టండి.

నైజాం నవాబు:
తిట్టను గానీ, మీ నాన్నగారి కోసం నిర్మాత ఆస్తులు అమ్ముకోవాలా బ్రో? కెన్యాలో షూటింగ్, ఒడిశా కొండల్లో షూటింగ్, హైదరాబాద్‌లో కాశీ ఘాట్ల సెట్టు, ప్రియాంక చోప్రా, పృథ్వీరాజ్, పైగా ఐమాక్స్ కోసం ప్రత్యేకంగా తీస్తున్నారు. ఇదంతా 177 రూపాయల టికెట్ మీద వెనక్కి వస్తుందా? పుష్ప 2 ప్రీమియర్‌కి 800 పెంచారు. ఓజీ ప్రీమియర్‌కి ఆంధ్రాలో వెయ్యి పెట్టారు. జనం ఆగారా?

గుంటూరు కుర్రోడు:
పుష్ప 2 ప్రీమియర్ గురించి నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తున్నా. 2024 డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆ తర్వాతే కదా రేవంత్ రెడ్డి అసెంబ్లీలో ఇక బెనిఫిట్ షోలూ లేవు, పెంపూ లేదు అన్నది. నెల తిరక్కుండా గేమ్ ఛేంజర్‌కి పెంపు ఇచ్చారు, విషయం హైకోర్టుకి వెళ్లాక వెనక్కి తీసుకున్నారు. మన సినిమా కూడా రిలీజ్ ముందు రోజు కోర్టు మెట్ల మీద నిలబడాలా?

డల్లాస్ బాబాయ్:
ఇక్కడ ప్రీమియర్ టికెట్ మామూలు రోజు కంటే ఎప్పుడూ ఎక్కువే, ఎవరూ గోల చెయ్యరు. కానీ నాకొకటి అర్థం కాదు. ఆ రామోజీ ఈవెంట్‌కి గ్లోబ్‌ట్రాటర్ అని పేరు పెట్టి, ప్రపంచమంతా రిలీజ్ అని చెప్పి, బిల్లు మాత్రం గుంటూరుకీ వరంగల్‌కీ పంపితే ఎలా? ఆర్ఆర్ఆర్ జపాన్‌లో వంద రోజులు దాటి ఆడింది. బయట అంత మార్కెట్ ఉన్నప్పుడు ఊళ్లో జనాన్ని పిండడం దేనికి?

నైజాం నవాబు:
బాబాయ్, ఆ మార్కెట్ రాజమౌళిది. మహేష్ డైరెక్ట్ హిందీ సినిమా ఒక్కటీ చెయ్యలేదు. స్పైడర్‌తో తమిళం వైపు వెళ్లాడు, ఏమైందో చెప్పక్కర్లేదు. బాలీవుడ్ తనని భరించలేదని 2022లో అన్నాడు కూడా. నార్త్‌లో టాక్ బట్టి పైకి లేవాలి. ఇక్కడ మాత్రం గ్యారంటీ. గ్యారంటీ ఉన్నచోటే ఎవరైనా ముందు డబ్బు లాగుతారు. వ్యాపారం అంటే అంతే.

లీజు హాలు:
రోజూ చదవడమే గానీ రాయను. ఇవాళ ఆగలేకపోయాను. తెనాలి అవతల చిన్న టౌన్లో మాకు లీజు హాలు ఉంది. పెంచిన డబ్బు హాలుకి వస్తుందని మీరంతా అనుకుంటున్నారు. పెద్ద సినిమాకి మాకు వచ్చేది వారం అద్దె. టికెట్ వంద అయినా మూడొందలు అయినా నా అద్దె అంతే. మిగతాది డిస్ట్రిబ్యూటర్‌ది. 2025 మేలో హాళ్లు నడిపే ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి మూసేస్తామన్నది ఈ అద్దె పద్ధతి తీసేసి వసూళ్లలో పర్సంటేజీ ఇమ్మనే. పైగా పెంచిన దాంట్లో ప్రభుత్వం వాటా ఒకటి. వంద లోపు టికెట్‌కి జీఎస్టీ 5 శాతం, దాటితే 18.

నాకు మిగిలేది క్యాంటీను, బండ్ల స్టాండు. రేటు పెంచిన రోజు హౌస్‌ఫుల్ బోర్డు పెట్టినా ఇంటర్వెల్‌లో సమోసాల ట్రే సగం అలాగే ఉండిపోతుంది. నలుగురికి టికెట్లు కొన్న తండ్రి పిల్లాడి చెయ్యి పట్టుకుని క్యాంటీన్ అటువైపు నుంచి బాత్రూమ్‌కి తీసుకెళ్తాడు, ఇటు చూడనివ్వడు. పిల్లాడు మాత్రం మెడ తిప్పి చూస్తూనే ఉంటాడు. కౌంటర్ వెనక కూర్చుని ఎన్నిసార్లు చూశానో.

నైజాం నవాబు:
అన్నా, అద్దె సంగతి నిజంగా తెలీదు. కానీ సినిమా కొన్న బయ్యర్ వైపు కూడా చూడండి. ఏరియా ఎంతకి కొంటాడో అంత రాబట్టుకోవాలిగా. రేటు పెంచకపోతే తక్కువకి కొంటాడు, నిర్మాతకి తక్కువ వస్తుంది.

లీజు హాలు:
తక్కువకే కొననీ బాబూ. ఎన్నారే, అంటే తిరిగి రాని అడ్వాన్సు, కట్టి పోగొట్టుకున్నవాళ్లని మా వైపు వేళ్ల మీద లెక్కపెట్టలేం. ఎక్కువకి అమ్మడం, దాన్ని రాబట్టడానికి రేటు పెంచడం, పెంచారని జనం రాకపోవడం, చివరికి బయ్యర్ వచ్చి నా ఆఫీసు రూములో తల పట్టుకు కూర్చోవడం. టీ తెప్పించేది నేను.

క్లైమాక్స్ రాణి:
రేట్లు సరే, అసలు సినిమా అర్థమవుతుందా అని ఎవరూ అడగరేం? టీజర్లో క్రీ.శ. 512లో వారణాసి అన్నారు, అంటార్కిటికా అన్నారు, ఆఫ్రికా అన్నారు, త్రేతాయుగంలో లంకానగరం అన్నారు, మధ్యలో ఆస్టరాయిడ్ ఒకటి. నాకు భలే నచ్చింది. మా అమ్మ మాత్రం "ఇందులో మహేష్ ఎక్కడే" అంది. 1 నేనొక్కడినే రిలీజప్పుడు ఇదే అమ్మ సగంలో లేచొచ్చేసింది. ఇప్పుడు దాన్ని కల్ట్ అని స్టేటస్‌లు పెట్టేవాళ్లలో ఎంతమంది అప్పుడు హాల్లో ఉన్నారో!

గుంటూరు కుర్రోడు:
రాణిగారూ, అది సుకుమార్, ఇది రాజమౌళి. ఈగని హీరోగా పెట్టి మా నానమ్మ చేత విజిల్ వేయించినంత పని చేశాడు. కానీ మీ మాట నా వాదనకే పనికొస్తుంది. మొదటిసారి సగమే అర్థమైన సినిమాకి జనం రెండోసారి రావాలి. 295 టికెట్ మీద ఇంకో రెండొందలు వేస్తే హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో నలుగురికి రెండు వేలకి దగ్గర. రెండోసారి ఎవరొస్తారు?

ఇంకొకటి చూడండి. రిలీజ్ డేట్ 2027 ఏప్రిల్ 7 అని వేశారు, ఉగాది. తర్వాతి వారం శ్రీరామనవమి. మహేష్ రాముడిగా కనిపించే ఘట్టం ఉందని రాజమౌళి స్టేజి మీదే చెప్పాడు, అంటే నవమికి ఇంటిల్లిపాదీ కదలాలి. పిల్లల సెలవులు మొదలయ్యేది ఏప్రిల్ ఆఖర్లో, అప్పటికి సినిమా మూడో వారంలో ఉంటుంది. మొదటి పది రోజులు పెంచిన రేటు అంటే నవమి పోయినట్టే. సెలవులొచ్చేసరికి "ఓటీటీలో చూద్దాంలే" అనేస్తారు.

నైజాం నవాబు:
నవమి పాయింట్ బాగుంది, ఒప్పుకుంటున్నా. అయినా ఆర్ఆర్ఆర్ సంగతి చూడు. 2022 మార్చిలో ఆంధ్రా ప్రభుత్వం పది రోజులు టికెట్ మీద 75 పెంచుకోమంది. అలా పెంచినా ఆడింది కదా.

గుంటూరు కుర్రోడు:
75కీ 800కీ తేడా లేదా నవాబూ? 75 అయితే నేనే వచ్చి నిర్మాతకి దండ వేస్తా.

నైజాం నవాబు:
సరే, నా ఆఖరి మాట. ప్రీమియర్‌కి ఎంతైనా పెట్టుకోనివ్వండి, అది పిచ్చి ఉన్నోళ్ల కోసం, అంటే నా కోసం. సుదర్శన్ థియేటర్లో ఆ రాత్రి నేను లేకపోతే నా పేరు మార్చుకుంటా. తర్వాత నాలుగు రోజులు వంద లోపు పెంపు. అయిదో రోజు నుంచి మామూలు రేటు.

డల్లాస్ బాబాయ్:
నాలుగు రోజులన్నది పది రోజులు కాకుండా చూసేదెవరు?

గుంటూరు కుర్రోడు:
అదీ ప్రశ్న. నేను మాత్రం నాలుగు రోజులకి కూడా ఒప్పుకోను. హాలు అన్నా, రేటు ఏమైనా గానీ, రెండో వారం ఒక మ్యాట్నీకి మా నాన్నని బస్సెక్కించి మీ హాలుకి పంపిస్తా. బాల్కనీలో ఫ్యాన్ కింద సీటు చూడండి, ఉక్కపోతకి తట్టుకోలేడు.

లీజు హాలు:
ఏసీ పెట్టించి ఆరేళ్లయింది బాబూ. రమ్మను. సమోసా నా లెక్కలో.