దిగిన సాయంత్రం నిద్రపోనివ్వాలా, రాత్రి తొమ్మిది దాకా మేలుకొని ఉండేలా చూడాలా?

ఫ్రిస్కో చెల్లెలు (ప్రశ్న):

జూన్ రెండో వారంలో మా అక్క, బావగారు, వారి పిల్లలిద్దరు, మా అమ్మ హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్ వస్తున్నారు. శంషాబాద్‌లో తెల్లవారుజామున బయలుదేరితే, దోహాలో ఆగే సమయంతో కలిపి సుమారు 23 గంటలు పడుతుంది. జూన్‌లో ఇక్కడి గడియారం మన దేశం కన్నా 10:30 గంటలు వెనక ఉంటుంది కాబట్టి, ఇక్కడి లెక్కలో అదే రోజు సాయంత్రం 4 గంటలకు దిగుతారు. ఇమ్మిగ్రేషన్ వరుస, సామాన్లు, కారు ప్రయాణం ముగిసి ఇల్లు చేరేసరికి 6:30 అవుతుంది. అక్క కూతురికి 9 ఏళ్లు, కొడుకుకి 4. అమ్మకు 68, మధుమేహం ఉంది, రాత్రిపూట ఇన్సులిన్ తీసుకుంటుంది.

ఎంత ఏడ్చినా, ఎంత అలసినా, రాత్రి 9 దాటేదాకా ఎవరినీ పడుకోనివ్వకూడదని, లేకపోతే వారం రోజులు ఇల్లంతా తలకిందులవుతుందని మా వారి అభిప్రాయం. అందుకే ఇల్లు చేరగానే స్నానాలు చేయించి, అందరినీ ఇక్కడి కార్యసిద్ధి హనుమాన్ ఆలయానికి తీసుకువెళ్దామని అంటున్నారు. ఒక పగలూ ఒక రాత్రీ విమానాల్లో కూర్చుని వచ్చిన అమ్మను ఆ పూటే మళ్లీ కారెక్కించడానికి నాకు మనసొప్పడం లేదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు టెక్సస్‌లో కార్ సీటు తప్పనిసరి కాబట్టి దాన్ని విమానాశ్రయానికి తీసుకువెళ్తున్నాము. చిన్నవాడు అందులో కూర్చున్న పది నిమిషాలకే నిద్రపోతాడని నాకు తెలుసు. అప్పుడు వాణ్ణి లేపాలా, వదిలేయాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ప్లేనో పాతకాపు:

మీ వారు చెప్పినదే సరైనదని నా అనుభవం. 2011లో మా పిల్లలు మొదటిసారి వచ్చినప్పుడు, పాపం అలసిపోయారని సాయంత్రం 5 గంటలకే పడుకోనిచ్చాము. రాత్రి 11:30కి ఇద్దరూ లేచి కూర్చున్నారు. అప్పటికి మన దగ్గర ఉదయం 10 గంటలు. ఒంటిగంటకు ఇద్దరికీ ఆకలి వేసింది. అది హైదరాబాద్‌లో బడిపిల్లలు అన్నం డబ్బా తెరిచే వేళకు దగ్గరపడిన సమయం. వాళ్లు అన్నం తిని ఆడుకుని తెల్లవారాక మళ్లీ పడుకున్నారు, మేము ఉద్యోగాలకు వెళ్లాము, సాయంత్రం వచ్చేసరికి మళ్లీ అదే వరస. ఆ చక్రం తెగడానికి తొమ్మిది రోజులు పట్టింది. మరోసారి వచ్చినప్పుడు 8:30 దాకా ఎలాగోలా ఆపాము, నాలుగైదు రోజుల్లో గాడిన పడ్డారు. జూన్‌లో ఇక్కడ సూర్యాస్తమయం 8:30 దాటాకే కాబట్టి, పిల్లలను ఎండలో పార్కుకు తీసుకువెళ్తే నిద్ర దానంతట అదే ఆగుతుంది. మొదటి సాయంత్రం మెత్తబడితే దాని ఫలితం వారమంతా అనుభవించాలి.

రెండు ఊళ్ల కోడలు:

తొమ్మిదేళ్ల అమ్మాయి విషయంలో పై మాటను ఒప్పుకుంటాను, కానీ నాలుగేళ్ల పిల్లవాడికీ అరవై ఎనిమిదేళ్ల పెద్దావిడకూ అదే నియమం పెట్టడాన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఆ వయసు పిల్లవాడిని నిద్ర ఆపి కూర్చోబెట్టడమంటే వాడు ఏడుస్తుంటే చూస్తూ ఉండడమే, చివరికి వాడు అన్నం కూడా ముట్టకుండా నిద్రలోకి జారుకుంటాడు.

పెద్దవారి సంగతి ఇంకా జాగ్రత్తగా ఆలోచించవలసినది. మా మామగారు మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు మేమూ ఇదే పట్టుదలతో ఆయనను 9 దాకా సోఫాలో కూర్చోబెట్టాము. నిద్రమత్తులో ఆయన రెండు ముద్దలు తిని చాలన్నారు, రోజూ వేసుకునే ఇన్సులిన్ మాత్రం అలవాటు ప్రకారం పూర్తిగా వేసుకున్నారు. నడిరాత్రి ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడింది. మేము అది నిద్రలేమి అనుకున్నాము. అత్తయ్యగారు అనుమానించి వేలు గుచ్చి చూడమన్నారు కాబట్టి సరిపోయింది, చక్కెర బాగా పడిపోయింది. చక్కెర నీళ్లు తాగించాక కోలుకున్నారు. పడమరకు ప్రయాణం చేసినవారికి ఆ రోజు 24 గంటలతో ముగియదు. మీ అమ్మగారికి అది 34 గంటలకు పైగా సాగుతుంది. అంత పొడవైన రోజులో ఏ మోతాదు ఎప్పుడు, ఎంత వేసుకోవాలో హైదరాబాద్‌లోని ఆమె డాక్టరుగారి చేత ముందుగానే కాగితం మీద రాయించుకోవాలి. ఇన్సులిన్‌ను చెకిన్ సామానులో పెట్టకుండా చేతిసంచిలోనే ఉంచుకోవాలి. గుడి గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను, స్వామి మూడో రోజు వెళ్లినా అనుగ్రహిస్తాడు.

నిశాచరి:

నేను కొన్నేళ్లు నిద్ర మీద పరిశోధన జరిగే ప్రయోగశాలలో పనిచేశాను. ఈ చర్చలో ఇద్దరూ సాయంత్రం ఎన్ని గంటలకు పడుకోవాలనే దాని మీదే వాదిస్తున్నారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది ఆ మనిషి కంటికి వెలుతురు ఏ వేళ తగులుతోందన్నది.

మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో, కంటి నుంచి వచ్చే నరాలు ఒకదానినొకటి దాటే చోటికి కాస్త పైన, సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అనే చిన్న కణసమూహం ఉంటుంది. మన శరీర గడియారం అదే. దాన్ని బయటి వెలుతురు సరిచేయకుండా వదిలేస్తే చాలామందిలో దాని రోజు 24 గంటల కన్నా కొద్దిగా ఎక్కువ ఉంటుంది, అందువల్ల మన గడియారానికి ఆలస్యం కావడం తేలిక, త్వరపడడం కష్టం. పడమరకు వెళ్లినవారు తూర్పుకు వెళ్లినవారి కన్నా త్వరగా సర్దుకోవడానికి కారణం ఇదే. అయినా రోజుకు ఒక గంట, గంటన్నర మించి అది సాధారణంగా కదలదు. జూన్‌లో డల్లాస్‌కూ మనకూ తేడా 10:30 గంటలు కాబట్టి, మొదటి సాయంత్రం ఎంత కఠినంగా గడిపినా ఆ రాత్రికి రాత్రే సర్దుకోవడం ఎవరి తరమూ కాదు.

శరీర ఉష్ణోగ్రత అతి తక్కువగా ఉండే వేళ మామూలుగా మనం నిద్రలేవడానికి రెండు మూడు గంటల ముందు వస్తుంది. ఆ వేళకు ముందు వెలుతురు తగిలితే గడియారం ఆలస్యమవుతుంది, తరువాత తగిలితే త్వరపడుతుంది. హైదరాబాద్‌లో ఉదయం 6:30కి లేచే కుటుంబానికి ఆ వేళ తెల్లవారుజామున 4 గంటలు అనుకుంటే, దిగిన రోజు డల్లాస్‌లో అది సాయంత్రం 5:30 అవుతుంది. వీరి గడియారం ఆలస్యం కావాలి, కనుక దిగినప్పటి నుంచి 5:30 దాకా తగిలే ఎండ మేలు చేస్తుంది, కానీ ఏడు గంటలకు పార్కులో తగిలే ఎండ గడియారాన్ని వ్యతిరేక దిశలోకి లాగవచ్చు. ప్లేనోవారు చెప్పిన సలహాలో నేను ఒప్పుకోనిది ఈ ఒక్క ముక్కే. ఇల్లు చేరాక తెరలు వేసి, దీపాలు తగ్గించి, స్నానం, భోజనం ముగించి, పిల్లవాడు పడుకుంటే పడుకోనివ్వండి. ఓపిక ఉన్నవారు 8 దాకా కబుర్లు చెప్పుకుంటూ మసక వెలుతురులో కూర్చోవచ్చు. మరునాడు ఉదయం పది నుంచి సాయంత్రం దాకా వీలైనంత సేపు అందరూ ఆరుబయట ఉండాలి. అసలైన సర్దుబాటు జరిగేది ఆ పగటిపూటే. తెల్లవారాక నిద్రకు ఆగలేకపోతే అరగంట, ముప్పావుగంట కునుకుతో లేపేయండి.

ఈ లెక్క సాయంత్రం దిగేవారికే సరిపోతుంది. ఢిల్లీ నుంచి నేరుగా నెవార్క్ వెళ్లి ఉదయం 7 గంటలకు దిగినవారికి అది మన సాయంత్రం 4:30, వారి ముందు పగలంతా ఉంటుంది, మధ్యాహ్నం ఒక చిన్న కునుకు లేకుండా వృద్ధులు రాత్రిదాకా ఆగలేరు. ఒకరి అనుభవం మరొకరికి పనికిరాకపోవడానికి ఇలా దిగే వేళ మారడం ఒక పెద్ద కారణం.

మెలటోనిన్ మాత్రలు ఇక్కడ ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. అమెరికాలో వాటిని మందుగా కాక ఆహార పూరకంగా అమ్ముతారు, కాబట్టి మందులకు జరిగే పరీక్ష వాటికి జరగదు. పిల్లల వైద్యులను అడగకుండా నాలుగేళ్ల పిల్లవాడికి వాటిని ఇవ్వవద్దని వేడుకుంటున్నాను.

ప్లేనో పాతకాపు:

ఎండ విషయం నాకు తెలియదు, సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. అయితే తొమ్మిదేళ్ల అమ్మాయిని కనీసం 8 దాకానైనా ఆపాలన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను, ఎందుకంటే చిన్నవాడొక్కడే రాత్రి ఒంటిగంటకు లేస్తే ఒక పెద్దమనిషి చూసుకోగలరు, ఇద్దరూ లేస్తే ఒకరినొకరు రెచ్చగొట్టుకుని ఇల్లంతా లేపుతారు. ఆ వేళ టీవీ గానీ ఫోను గానీ ఇచ్చారంటే మరుసటి రాత్రి కూడా దాని కోసమే లేస్తారు. ఇంకొక మాట, మీ బావగారికి మొదటి మూడు రోజులు కారు ఇవ్వకండి. ఇక్కడి రోడ్డుకు కుడివైపు నడపడం కొత్త, దానికి పగటి నిద్రమత్తు తోడైతే ప్రమాదం.

ఫ్రిస్కో చెల్లెలు:

మీరందరూ రాసినది మా వారికి చదివి వినిపించాను. గుడిని మూడో రోజు ఉదయానికి మార్చడానికి ఒప్పుకున్నారు. చిన్నవాణ్ణి కారులో నిద్రపోనిస్తాము, ఇల్లు చేరాక ఒక్కసారి లేపి పెరుగన్నం తినిపించే ప్రయత్నం చేస్తాము, తినకపోతే మళ్లీ పడుకోబెడతాము. పాప నాతోపాటు వంటింట్లో 8 దాకా ఉంటుంది. అక్కకు ఫోన్ చేసి అమ్మ డాక్టరుగారి దగ్గరకు ఈ వారమే వెళ్లమని చెప్పాను. అమ్మకు మెట్లు లేకుండా కింది గది ఇస్తున్నాము, స్నానాలగదిలో రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టాను, చక్కెర చూసే యంత్రం మంచం పక్కనే ఉంటుంది.

అమ్మ విషయంలో మాత్రం మా వారికీ నాకూ ఇంకా కుదరలేదు. 8 దాకా కూర్చోబెడదామని ఆయన అంటున్నారు. అన్నం తిన్నాక ఆమెకు ఎప్పుడు పడుకోవాలనిపిస్తే అప్పుడే పడుకోనివ్వాలని నేను అంటున్నాను, ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గను. రాత్రి ఒంటిగంటకు ఆకలితో లేచేవారి కోసం పది గంటలకే కుక్కర్‌లో అన్నం, గిన్నెలో పప్పుచారు సిద్ధంగా ఉంచుతాను. ఆ మొదటి రాత్రి వారితో మేలుకొని ఉండడానికి మరునాడు ఆఫీసుకు సెలవు పెట్టాను.