రూఫ్‌టాప్ మీద లైవ్ మ్యూజిక్ ఆపేయమంటున్నారు, దారేంటి? (విజయవాడ)

బందరురోడ్_బార్:
60 సీట్ల బార్ అండ్ రెస్టారెంట్. కింద ఏసీ హాలు, పైన రూఫ్‌టాప్. శనివారాలు పైన గిటార్, కీబోర్డు, కహోన్ (పెట్టెలాంటి డ్రమ్), ఇద్దరు సింగర్లు. వెనక అపార్ట్‌మెంట్ వాళ్లు ఫిర్యాదు చేశారు, పాటలే వద్దంటున్నారు. బార్ లైసెన్స్ ఉంది కదా? మైకు తీసేసి పాడిస్తే సరిపోతుందా?

బ్రాడీపేట_లా:
బార్ లైసెన్స్ మందు వరకే. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి విడిగా తీసుకోవాలి. తేదీలు, వేళలు, స్పీకర్ల సంఖ్య రాసి అర్జీ ఇచ్చి, ఒక కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి.

మైకు తీసేసినా రాత్రి 10 దాటాక లాభం లేదు. 2010 సవరణతో రాత్రిపూట లౌడ్‌స్పీకర్ల మీదున్న నిషేధం కిందికే సంగీత వాయిద్యాలు కూడా వచ్చాయి. మినహాయింపు మూసి ఉన్న హాలుకే, అదీ చప్పుడు లోపలివాళ్ల వరకే అయితే. పైన 9:45కి కట్టేసి, మిగతా పాటలు కింద పెట్టుకోండి.

బందరురోడ్_బార్:
కింద హాల్లో గోడలకి ఫోమ్ అంటించాం. ఇక బయటికి రాదుగా?

పటమట_సౌండ్:
వస్తుంది. ఫోమ్ లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుందంతే, చప్పుడుని ఆపదు. ఆపేది బరువైన గోడ, సందుల్లేని తలుపు. ముందు తలుపు కింద సందు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కంతలు మూయించండి. పక్కింటివాళ్లని నిద్రపోనివ్వనిది బేస్, అంటే దమ్‌దమ్‌మనే లోతు చప్పుడు. అందుకే వోకల్, గిటార్ ఛానెళ్లలో 100 హెర్ట్జ్ కింద కట్ చేయండి, సబ్‌వూఫర్ అసలు వద్దు. రెండు పెద్ద స్పీకర్లు గట్టిగా మోగించే బదులు నాలుగు చిన్నవి టేబుళ్ల దగ్గర, తక్కువ వాల్యూమ్‌లో.

కొలవాల్సింది స్టేజీ దగ్గర కాదు, మీ స్థలం సరిహద్దులో. కమర్షియల్ ఏరియాకి పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్. రెసిడెన్షియల్‌కి 55, 45. ప్రైవేటు సౌండ్ సిస్టమ్ చప్పుడు సరిహద్దు దగ్గర ఈ పరిమితి కంటే 5 డెసిబెల్స్‌కి మించి ఎక్కువ ఉండకూడదు. మీ వీధి ఏ కేటగిరీయో ముందు తేల్చుకోండి, తేడా 10 డెసిబెల్స్! బ్యాండ్ ఆపి ఒకసారి, మోగుతుండగా ఒకసారి కొలవండి. ఆపితే 65, మోగితే 68 వచ్చిందంటే బ్యాండ్ వాటా 3 కాదు, 65; డెసిబెల్స్ మామూలు లెక్కలా కూడవు, రెండు సమానమైన చప్పుళ్లు కలిస్తే 3 మాత్రమే పెరుగుతుంది. ఫోన్ యాప్ అంచనాకి పనికొస్తుంది, అధికారి ముందు పెట్టడానికి క్యాలిబ్రేట్ చేసిన మీటరే కావాలి.

బ్రాడీపేట_లా:
సినిమా పాటలు పాడిస్తే రచన, సంగీతానికి ఐపీఆర్ఎస్ (రచయితలు, సంగీతకర్తల హక్కుల సంస్థ) లైసెన్స్ కూడా చూసుకోండి.

కీబోర్డు_గుంటూరు:
ఇవన్నీ పాటించినా 'ఆపేయండి' అంటే ఒక్క బార్ వెళ్లి వాదిస్తే పని జరగదు, ఓనర్లూ ఆర్టిస్టులూ కలిసి అడగాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2012 లైవ్ మ్యూజిక్ యాక్ట్ వచ్చాక మద్యం లైసెన్స్ ఉన్న పబ్బులో ఉదయం 8 నుంచి రాత్రి 11 దాకా, 200 మంది లోపు ఉంటే లైవ్ మ్యూజిక్‌కి విడి లైసెన్స్ అక్కర్లేదు. 2015లో ఆ పరిమితి 500 అయింది. చప్పుడుతో ఇబ్బంది పెడితే మాత్రం లైసెన్స్ సమీక్షలో ఆ పబ్బుకి సడలింపు తీసేయొచ్చు. ఇక్కడా అడగాల్సింది అలాంటిదే: ఏసీ హాలు, చిన్న బ్యాండు, సరిహద్దు రీడింగ్ పరిమితిలో ఉంటే ప్రతి శనివారం కొత్త అర్జీ కాకుండా ఏడాదికొక అనుమతి. వినతిపత్రంతో పాటు నెల రోజుల రీడింగులు జతచేయండి, వెనక అపార్ట్‌మెంట్ సంఘం సంతకం దొరికితే అదీ పెట్టండి.